బిలాస్‌పూర్‌లో మధ్యాహ్నం వచ్చే అత్త

బిలాస్‌పూర్ చూడ్డానికని ఎవరూ వెళ్లరు. రైలు మారడానికి వెళతారు, లేదా ఉద్యోగం అక్కడ పడితే వెళతారు. రాజమండ్రిలో నా టైలరింగ్ షాపుకు వచ్చే ఆడవాళ్లు "వారం రోజులు షాపు మూసి ఎక్కడికి పోయారండీ" అని అడిగితే ఆ ఊరి పేరు చెప్పాను. "అక్కడేముంది?" అన్నారు. కత్తెర పట్టుకుని నిలబడి చెప్పే సంగతి కాదు గనక రాస్తున్నాను.

నేను వెళ్లింది సత్యవతి కోసం. మూడేళ్ల కిందట విశాఖపట్నం ఆసుపత్రిలో మా ఇద్దరివీ పక్కపక్క మంచాలు. ఇద్దరికీ ఒకటే ఆపరేషన్. బరువు తగ్గడానికి కడుపును చిన్న సంచిలా చేసి, పేగుకు దారి మార్చి దానికి కలుపుతారు. సత్యవతి వాళ్లది శ్రీకాకుళం వైపు ఊరే గాని, తాతల నాడే రైల్వే పనికి బిలాస్‌పూర్ చేరారు. ఆమె పుట్టిందీ, మెట్టిందీ అక్కడి క్వార్టర్లలోనే. భర్త అప్పలరాజు గూడ్సు బండి నడుపుతాడు. మేనత్త కొడుకు. కాబట్టి ఆమెకు అత్తగారంటే మేనత్తే, గౌరమ్మగారు.

ఆపరేషన్ తర్వాత నేను వారంలో ఇంటికి వచ్చేశాను. సత్యవతికి లోపల కుట్టు దగ్గర చీము పట్టి చాలా రోజులు ఉండిపోవాల్సి వచ్చింది. ఆ రోజుల్లోనే బిలాస్‌పూర్‌లో గౌరమ్మగారు గుండె ఆగి పోయారు. కోడలు ఆఖరి చూపుకు వెళ్లలేకపోయింది.

ఆ తర్వాత ఫోన్లలోనే మా పలకరింపులు. ఈ ఏడు ఎండలు మొదలయ్యాక ఒకరోజు ఫోన్ చేసి, గొంతు తగ్గించి, "అక్కా, మధ్యానం పూట మా ఇంట్లో ఎవరో ఉంటన్నారు" అంది.

"ఎవరు?"

"నువ్వొస్తే చెప్తాను. ఫోన్‌లో చెప్తే ఇనీస్తాది."

టిక్కెట్టు తీసుకున్నాను.

రాయపూర్ దాటాక

రాత్రంతా కొండల మధ్య నడిచిన రైలు తెల్లవారేసరికి చదునైన పొలాల్లోకి వచ్చింది. మహాసముంద్‌లో ఒక పెద్దావిడ ఎక్కి నా ఎదురుగా కూర్చుంది. నుదుటి దాకా కొంగు, చేతుల మీద పచ్చబొట్లు, ఒళ్లో స్టీలు డబ్బా. డబ్బా తీసి నాకు ఖుర్మీలు పెట్టింది. గోధుమపిండిలో బెల్లం కలిపి వేయించే బిళ్లలవి. మన వైపు అరిసెను వాళ్లు ఐర్సా అంటారట, అది ఈసారి చేయలేదని నొచ్చుకుంది. "తిను బిడ్డా" అని హిందీలో బతిమాలింది. యాభై దాటిన నన్ను ఎవరైనా బిడ్డా అని పిలిచి ఎన్నాళ్లయిందో. రెండు తిన్నాను. పైన తియ్యటి టీ తాగాను. మాలాంటి వాళ్లు చేయకూడని పనల్లా అదే.

మామూలు కడుపు తిన్నదాన్ని నిదానంగా కిందికి వదులుతుంది. మాకు ఆ అడ్డు లేదు. తీపి ఒక్కసారిగా పేగులో పడి రక్తంలోకి ఎక్కుతుంది. ఒళ్లు కంగారుపడి అవసరానికి మించి ఇన్సులిన్ వదులుతుంది. గంటకో రెండు గంటలకో చక్కెర ఉండాల్సినదానికన్నా కిందికి జారిపోతుంది. అందరికీ రాదు. వచ్చినవాళ్లకు ఆపరేషన్ అయిన ఏడాదికో రెండేళ్లకో మొదలవుతుంది, నాకు అలాగే వచ్చింది.

రాయపూర్ దాటి చాలా దూరం వచ్చాక మొదలైంది. ముందు చేతివేళ్లు సన్నగా వణికాయి. తర్వాత పెట్టెలో మాటలన్నీ గోడ అవతలి నుంచి వస్తున్నట్టు వినిపించాయి. ఒక స్టేషన్ వచ్చింది. బోర్డు మీద అక్షరాలు నాకు తెలిసినవే, కానీ అవి ఉత్త గీతల్లా ఉన్నాయి. ఎదురుగా ఉన్న పెద్దావిడ నా చిన్నప్పటి నుంచీ అలాగే కూర్చుని నన్ను చూస్తోందనీ, ఆమె పేరు నాకు తెలుసుననీ అనిపించింది. పేరు నాలుక చివర దాకా వచ్చింది. అది పలికితే ఏదో జరుగుతుందని భయం వేసింది. వీపంతా చెమట.

ఇలాంటప్పుడు ఆలోచించకూడదని నేర్చుకున్నాను. చెయ్యి దానంతట అది మెడలో సంచిలోకి పోయి గ్లూకోజు బిళ్లలు తీసి నోట్లో వేయాలి. వేసింది. చక్కెర చూసే చిన్న మిషను తీసి వేలు పొడిచి చూస్తే యాభైకి కాస్త పైన ఉంది. కాసేపటికి అక్షరాలు మళ్లీ అక్షరాలయ్యాయి. అప్పుడు ఉడికించి తెచ్చుకున్న గుడ్డు తిన్నాను. బిళ్లలతో ఊరుకుంటే ఎక్కిన చక్కెర మళ్లీ పడిపోతుంది.

పెద్దావిడ నా వంకే చూస్తోంది. "ఇందాక ఎక్కడికి వెళ్లిపోయావు?" అని అడిగింది.

తార్‌బహార్ వైపు

అప్పలరాజు స్టేషన్‌కు వచ్చాడు. ఎత్తుగా, కళ్ల కింద నల్లగా ఉన్నాడు. బయట బండి దగ్గర పోహా కొనిపెట్టాడు, ప్లేటు ఇరవై రూపాయలు. అక్కడ అటుకుల మీద సేవ్ అనే సన్న కారప్పూస, ఉల్లిపాయ చల్లి, పక్కన జిలేబీ పెట్టి ఇస్తారు. మనవాళ్లు ఉప్మాకు పంచదార అద్దుకున్నట్టు, ఒక ముద్ద కారం, ఒక కొరుకు తీపి. నేను జిలేబీ పక్కకు నెట్టాను.

"మీరు ముట్టుకోరేటి వదినగారూ? తనైతే తింటాదండి" అన్నాడు.

తింటూనే సంగతంతా చెప్పాడు. సత్యవతి మధ్యాహ్నాలు తనలో తను మాట్లాడుకుంటోంది. వంటింటి గడప వైపు చూస్తూ ఉండిపోతుంది. పిలిస్తే పలకదు. మొన్నామధ్య అతను డ్యూటీలో ఉండగా పొయ్యి దగ్గరే పడిపోయింది. మంట వెలుగుతూనే ఉంది. పక్క క్వార్టర్ దులారీ దీదీ చూసి పరుగెత్తుకొచ్చింది కాబట్టి సరిపోయింది.

"డాక్టరుకు చూపించలేదా?"

"చూపించానండి. రెండుసార్లు సుగరు టెస్టు చేయించారు, పరగడుపున. బాగానే ఉంది, నీరసం అన్నారు. తర్వాత మా షెడ్‌లోవాళ్లు చెప్తే కర్గీ రోడ్ దాటి ఒక బైగా దగ్గరికి కూడా తీసుకెళ్లాను." బైగా అంటే అక్కడ మంత్రం వేసేవాడు. "ఆయన ఒకటే మాట అన్నాడండి. ఇంట్లో మనిషే, బయటది కాదు అన్నాడు. అమ్మ ఫోటోకు దండ మార్చి బెల్లం పాయసం నైవేద్యం పెట్టమన్నాడు. రోజూ పెడుతున్నాం."

"ఆ పాయసం ఎవరు తింటున్నారు?"

"తనే. పారేయకూడదు కదేటండి."

పరగడుపు టెస్టులో మా జబ్బు దొరకదు. తిన్న తర్వాత చూడాలి. ఆ మాట చెబితే అతను తినడం ఆపి ప్లేటు పక్కన పెట్టేశాడు.

నల్లగుడ్డల కిటికీలు

వాళ్లుండేది తార్‌బహార్ వైపు రైల్వే కాలనీలో. అలాంటి కాలనీ పగటిపూట ఎలా ఉంటుందో నాకు అంతవరకు తెలియదు. వరసగా ఒకేలాంటి క్వార్టర్లు. చాలా కిటికీలకు లోపలి నుంచి నల్లగుడ్డలు, కొన్నిటికి పాత పేపర్లు. రాత్రి డ్యూటీ చేసి వచ్చినవాళ్లు పగలు పడుకోవాలి గదా. ఏ ఇంట్లో ఎవరు నిద్రపోతున్నారో తెలియదు కాబట్టి వీధిలో అందరూ గొంతు తగ్గించే మాట్లాడతారు. పిల్లలు కూడా గుసగుసగా ఆడుకుంటున్నారు. మా రాజమండ్రిలో పక్కింటివాళ్లతో మాట్లాడాలంటే కేకేస్తాం. ఇక్కడ ఎర్రటి ఎండలో వీధి వీధంతా ఊపిరి బిగపట్టినట్టుంది. దూరంగా రైలు పెట్టెల షంటింగ్ చప్పుడు, స్టేషన్‌లో ప్రకటన, మళ్లీ ఏమీ లేదు.

తలుపు తీసిన మనిషిని నేను గుర్తుపట్టలేదు. వార్డులో చూసిన సత్యవతిలో సగం లేదు. బుగ్గలు లోపలికి పోయి కళ్లు పెద్దవయ్యాయి. దర్జీదాన్ని కదా, ముందు జాకెట్టే చూశాను. పాత జాకెట్టు, రెండు పక్కలా మడిచి పిన్నీసులు పెట్టింది.

"మూడేళ్లయింది. ఇంకా కుట్టు వేయించుకోలేదేం?" అన్నాను.

"ఉండనీ అక్కా" అని తప్పించుకుంది.

అప్పలరాజు నిద్రకు వెళ్లాక నన్ను వంటింట్లోకి తీసుకెళ్లి గడప చూపించింది. నల్లరాతి గడప, మధ్యలో అరిగి గుంట పడింది.

"అన్నం తిన్న కాసేపటికి వస్తాది. ముందు నాకు చేతులు వణుకుతాయి. చెమట పోస్తాది. అప్పుడొచ్చి ఇక్కడ కూకుంటాది, కాళ్లు ఇటు పెట్టి."

"ఎవరు సత్యవతీ?"

"మా అత్త."

"మాట్లాడుతుందా?"

"అడుగుతాది. 'మా కోడలు ఏదమ్మా' అని అడుగుతాది. నన్నే అడుగుతాది అక్కా. నేనే నీ కోడల్ని అంటే, 'మా కోడలు ఒళ్లున్న మనిషి, నువ్వెవురు?' అంటాది."

ఆ వంటింట్లో ఉక్కగా ఉంది. అయినా కొంగు భుజాల మీదికి లాక్కున్నాను. రైల్లో నాకు జరిగింది ఆమెతో చెప్పాను. అది ఆపరేషన్ వల్ల చక్కెర పడిపోవడమనీ, మెదడుకు తిండి అందక అలా కనబడుతుందనీ, పొయ్యి దగ్గర పడిపోయిందీ అందుకేననీ విడమరిచాను. శ్రద్ధగా వింది. "అచ్ఛా" అంది. ఒప్పుకున్నట్టే ఉంది.

ఆ మధ్యాహ్నం నడుం వాల్చిన నాకు గ్లాసులో చెంచా తిప్పుతున్న చప్పుడు వినిపించింది. లేచి చూస్తే సత్యవతి వంటింట్లో గోడ వైపు తిరిగి పెద్ద గ్లాసుతో బెల్లం పానకం తాగుతోంది. నన్ను చూసి మూతి తుడుచుకుంది. "దాహమేసింది" అంది. గ్లాసు తీసుకుని ఒంపేశాను. రెండు గుడ్లు ఉడికించి తినిపించాను. ఆ పూట గడిచింది. సాయంత్రమంతా ఆమె నాతో ముభావంగా ఉంది.

ఉస్లాపూర్ విందు

మర్నాడు ఊరి శివారున ఉస్లాపూర్‌లో ఒక బ్యాంకు ఉద్యోగి ఇంట గృహప్రవేశం. తెలంగాణవాళ్లు, పిలిచినవాళ్లలో సగం తెలుగువాళ్లే. అప్పలరాజు రాత్రి డ్యూటీ దిగి ఇంట్లో పడుకున్నాడు. మేమిద్దరం ఆటోలో వెళ్లాం. ఆ ఊరు ఊరంతా కొత్త ఇళ్లే, కొన్నిటికి ఇంకా సున్నం కూడా వేయలేదు.

విందులో పులిహోర, పప్పు, పనీరు, మునక్కాడలు, జిలేబీలు, ఇక్కడివాళ్ల ఫరా. ఫరా అంటే బియ్యప్పిండిని వేళ్లంత చుట్టి ఆవిరి మీద ఉడికించి పోపు పెట్టేది, మన ఉండ్రాళ్లకు దగ్గర చుట్టం. ఆడపిల్లలు నన్ను తెలుగులో పలకరించి, రెండో మాటకే హిందీలోకి వెళ్లిపోయారు. నేను ముందు పప్పు, పనీరు తిని, అన్నం రెండు ముద్దలతో ఆపాను. నీళ్లు తాగలేదు, తిండితో పాటు తాగితే అంతా ఇంకా తొందరగా జారిపోతుంది.

సత్యవతి పప్పు ముట్టలేదు. వరసగా జిలేబీలు తింటోంది. ఇష్టంగా కాదు. మందు మింగుతున్నట్టు, ఎదురుగా గోడనే చూస్తూ, ఒకటి తర్వాత ఒకటి. చెయ్యి పట్టుకున్నాను. సున్నితంగా విడిపించుకుంది.

"ఇంక పోదాం అక్కా. బేగి పోదాం."

ఆటోలో కుదురుగా కూర్చోలేదు. రైల్వే గేటు దగ్గర ఆటో ఆగితే ముందుకు వంగి డ్రైవర్‌ను తొందరపెట్టింది. ఎవరో ఇంటికి వచ్చి కూర్చుని ఎదురుచూస్తున్నట్టుంది ఆ తొందర. అప్పుడు అర్థమైంది నాకు. అత్త రావడం ఆమెకు జబ్బు కాదు. ఆమే పిలుస్తోంది. తీపి తిని ఎలా పిలవాలో కనిపెట్టింది.

గడప

ఇంటికి చేరేసరికి చేతులు వణుకుతున్నాయి. చెప్పులతోనే వంటింట్లోకి నడిచి గడపకు ఎదురుగా నేల మీద కూర్చుంది. జాకెట్టు చెమటకు తడిసిపోయింది. మిషను తెచ్చి బలవంతాన వేలు పొడిచాను. రైల్లో నాకు వచ్చినదానికన్నా చాలా తక్కువ ఉంది.

గ్లూకోజు నీళ్లలో కలిపి నోటి దగ్గర పెట్టాను. గ్లాసును పక్కకు నెట్టింది.

"ఆగక్కా. వస్తంది."

"సత్యవతీ, తాగు."

"కొంచెం ఆగు. ఈయేళ గుర్తుపడతాది."

ఆమె చూపు వీధి గుమ్మం నుంచి మెల్లగా గది మీదుగా కదిలింది, నడిచి వస్తున్న మనిషి వెంట కదిలినట్టు. నాకేమీ కనిపించలేదు. ఇది మాత్రం ఉన్నదున్నట్టు రాస్తాను. ఆ చూపు నా దగ్గరికి వచ్చినప్పుడు నేను కాళ్లు ముడుచుకున్నాను. ఎవరో దాటి వెళ్లడానికి దారి ఇచ్చినట్టు. ఎందుకు ముడిచానో ఇప్పటికీ తెలియదు.

"అత్తా" అంది సత్యవతి, గడప వైపు చూస్తూ. "నేనే. సత్తిని. చిక్కిపోయానంతే. ఆసుపత్రిలో ఉండిపోయాను, రాలేకపోయాను." కాసేపు విన్నది. ముఖం వాడిపోయింది. "కాదత్తా, నేనే. సరిగ్గా చూడు."

మాట ముద్దగా అయిపోయింది. తల ఒక పక్కకు వాలిపోతోంది. ఇంక మింగలేకపోతుందేమోనని నాకు భయం పట్టుకుంది. స్పృహ తప్పితే నోట్లో ఏమీ పోయకూడదు. దవడ పట్టుకుని గ్లాసు ఆనించాను. చేత్తో కొట్టింది. గ్లాసు గోడకు తగిలి పగిలింది. ఆ చప్పుడుకు పక్కగదిలో నుంచి అప్పలరాజు నిద్రకళ్లతో వచ్చాడు. ఇద్దరం కలిసి కూర్చోబెట్టి పట్టుకున్నాం. ఇంకో గ్లాసు కలిపి కొంచెం కొంచెంగా పట్టాను. మొదటి గుక్క గడ్డం మీదుగా కారింది. రెండోది మింగింది. మూడోది తనే తాగింది.

నిదానంగా మనిషి తిరిగి వచ్చింది. ముందు మమ్మల్ని చూసింది, తర్వాత గడపను. అప్పుడు ఏడ్చింది.

"ఇంకొంచెం ఉంటే గుర్తుపట్టేది. పాత జాకెట్టు ఏసుకుంటే గుర్తుపడతాదని అదే ఏసుకుంటన్నాను."

అప్పలరాజుకు అన్నీ అప్పుడే తెలిశాయి, పానకం, జిలేబీలు, అన్నీ. కోప్పడతాడనుకున్నాను. అతను గాజుపెంకుల మధ్య గొంతుక్కూర్చుని ఒక్కొక్క పెంకూ ఏరాడు. తర్వాత పెళ్లాన్ని అడిగాడు.

"ఏటి చీర కట్టుకుంది?"

"బిస్కట్ రంగుది, బావా. ఎర్రంచు."

"నాకెప్పుడూ అగుపడలేదు" అన్నాడు.

మిగిలిన రోజులు

ఆ సాయంత్రమే విశాఖలో మా ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోన్ చేశాం. భోజనంతో వేసుకునే మాత్ర ఒకటి రాశారు, నెల తిరగకుండా వచ్చి చూపించుకోమన్నారు. మిగతాది నాకు తెలిసిందే. తిండి కొంచెం కొంచెం, ఎక్కువసార్లు. ముందు గుడ్డో పప్పో పనీరో, ఆఖర్న అన్నం. తీపి నీళ్లు వద్దు. తిన్న తర్వాత వేలు పొడిచి చూసుకోవాలి. గ్లూకోజు వంటింట్లో, మంచం పక్కన, పర్సులో ఉండాలి. ఒంటరిగా ఉన్నప్పుడు ముఖ్యంగా. దులారీ దీదీకి కూడా నేర్పాం. ఆవిడ తలూపి, "గౌరీ మౌసీ వస్తే ఏం చేయాలి?" అని గౌరమ్మగారి గురించి నన్ను హిందీలో అడిగింది. వేళాకోళం కాదు. "ముందు గ్లూకోజు ఇవ్వండి" అన్నాను.

నైవేద్యం పాయసం ఇక అప్పలరాజు తినాలని ఒప్పందం కుదిరింది.

సత్యవతి అన్నిటికీ సరేనంది. రాత్రి అన్నం దగ్గర మాత్రం అడిగింది.

"రాకపోతే, అక్కా?"

"రాకపోతే రాదు. నువ్వుంటావు."

"నేనుంటాను" అంది, అదేదో చిన్న సంగతి అయినట్టు.

నేను బయల్దేరే ముందు మధ్యాహ్నం ముగ్గురం పప్పు, గుడ్లు, జొన్నరొట్టె తిన్నాం. తర్వాత మేమిద్దరం వంటింట్లో కూర్చున్నాం. మిషను చూసుకుంది, బాగుంది. షంటింగ్ చప్పుడు ఆగింది. కాలనీ అంతా నిద్రలో ఉంది. గడప మీద ఎండ కొంచెం కొంచెంగా జరిగి గోడెక్కింది. ఆమె కళ్లు మాత్రం అక్కడి నుంచి కదల్లేదు. నేనూ అటే చూస్తూ ఉండిపోయాను. ఎవరూ రాలేదు. అది నాకు సంతోషమివ్వాల్సింది. ఆ ఇంట్లో ఒక మనిషిని బయటికి పంపేసినట్టనిపించింది.

సత్యవతి లేచి వెళ్లి బీరువాలోంచి జాకెట్లు తెచ్చి నా ఒళ్లో పడేసింది. "కుట్టీ అక్కా" అంది. రైలు వేళ దాకా కూర్చుని అన్నీ కుట్టాను. నడుం దగ్గర చాలా గుడ్డ కత్తిరించాల్సి వచ్చింది.

తిరిగి వచ్చాక

వెనక్కి వచ్చేటప్పుడు రైల్లో ఎవరు ఏం పెట్టినా తినలేదు. వానలు పడ్డాయి. సత్యవతి విశాఖ వచ్చి డాక్టరుకు చూపించుకుంది. చక్కెర పడిపోవడం బాగా తగ్గింది, పడినా ఆమే ముందు పసిగడుతోంది. పొయ్యి దగ్గరికి మళ్లీ ధైర్యంగా వెళుతోంది. అప్పలరాజు ఫోన్ చేసి థాంక్స్ చెప్పాడు. ఇదంతా ఇక్కడితో అయిపోయిందనుకున్నాను.

మొన్న ఆమే ఫోన్ చేసింది. మామూలు గొంతే, గుసగుస లేదు.

"మధ్యానం పూట వంటింట్లో గడప మీద నేనే కూకుంటన్నానక్కా. అక్కడ గాలి బాగుంటాది. నిన్న బావ డ్యూటీ దిగి వచ్చాడు. ఎండలోంచి వచ్చాడు కదేటి, కళ్లు చీకట్లు కమ్మాయో ఏటో. బేగు పట్టుకుని నిలబడిపోయి, నా ఏపు సూసి, 'అమ్మా, తిన్నావా' అన్నాడు."

"నువ్వేమన్నావు?" అని అడిగాను.

"'తినీసాన్రా నాయనా' అన్నాను."

ఫోన్‌లో దూరంగా ఏదో బండి కూత వేసింది.

"సుగరు బాగానే ఉందక్కా" అంది. "అప్పుడే చూసుకున్నాను."